కొత్త ధోవతి కొస

ఆ గీత నేను పెట్టలేదు. ఈ ముక్క ముందే రాసేస్తే మిగతాది నెమ్మదిగా చెప్పుకోవచ్చు. మా చుట్టాల్లో సగం మందికి నా పేరు వినగానే గుర్తొచ్చేది ఆ గీతే. సిరిసిల్లలో ఇన్నేళ్లు స్టూడియో నడిపాను. దుబాయికి పోయిన మొగుళ్లకు ఇక్కడి పెళ్లాం పిల్లల ఫోటోలు తీసి పంపింది నేనే. మగవాడి కెమెరా ముందు కొంగు సర్దుకోవడంతోనే సరిపోయే ఆడవాళ్లు నా ముందు ధీమాగా నిలబడి నవ్వారు. అవేవీ లెక్కలోకి రావు. "కోరుట్ల మామ కెమెరా మీద గీత పెట్టిన పిల్ల" అంటే మాత్రం, నన్ను ఏనాడూ చూడనివాళ్లు కూడా ఓహో ఆమెనా అని తల ఊపుతారు. జుట్టు తెల్లబడింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా వాళ్ల నోళ్లలో నేనింకా ఆ పిల్లనే. చాలామంది పెద్దరికం వచ్చాక పాత సంగతులు వదిలేయమని చెప్తుంటారు. నాకు వదిలేసే గుణం లేదు, అది ఉన్నట్టు నటించే ఓపిక అంతకన్నా లేదు.

మొన్న దసరాకు జగిత్యాల వెళ్లాను. మా మేనమామ కొడుకు రాజేందర్ అక్కడ కొత్తగా పెద్ద షాపు తెరిచాడు. నాకంటే చిన్నవాడు కాబట్టి వరసకు వదినా అంటాడు. కొత్త షాపులో మొదటి ఆయుధపూజ, నువ్వు రాకుంటే ఎట్ల అని ఫోన్ మీద ఫోన్ చేశాడు. వేములవాడ మీదుగా బస్సులో ఒళ్లు హూనమై దిగేసరికి షాపంతా బంతిపూల దండలు, అగరొత్తుల పొగ. ఏసీ గదిలో ఎర్రగుడ్డ పరిచి కెమెరాలు, లెన్సులు, లైట్లు, ఎగిరే డ్రోన్‌తో సహా బారుగా పేర్చారు. మూలన కుర్చీలో మామ కూర్చుని ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయి ఇంకా నల్లద్దాలు తీయలేదు. కొత్త ధోవతి ఫెళఫెళలాడుతోంది. అన్నిటికీ నడుమ, అద్దాల అలమరలోంచి తీసి తుడవకుండానే పెట్టిన మామ పాత కెమెరా. దానికి పైనొకటి, కిందొకటి రెండు కళ్లు. పై కంటితో చూసుకోవడం, కింది కంటితో ఫోటో తీయడం. కింది కంటి మీద గీత ఉంటుందని నాకు తెలుసు కాబట్టి అంత దూరం నుంచే నాకు కనబడింది.

మెట్టు మీద, చెప్పులు విడిచిన చోట, రాజేందర్ కూతురు శ్రావ్య తన కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. షాపు బోర్డు మీద పేరు రాజేందర్‌దే గానీ, రాయికల్‌లో పెళ్లయినా బుగ్గారంలో పుట్టువెంట్రుకలైనా కెమెరా పట్టేది ఈ పిల్లే. గిరాకీ అడిగేది కూడా ఈ పిల్లనే. ఇక్కడ కూర్చున్నావేంటి లోపలికి పద అన్నాను. "లేదు పెద్దమ్మా, ఇయ్యాల నేను బయటున్న. పూజ అయినంక వచ్చి నా పని చూస్కుంట" అంది. బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ పిల్ల తుడిచి, ఛార్జింగ్ పెట్టి, భుజాన మోసే కెమెరాలన్నీ లోపల ఏసీలో ఉన్నాయి. ఆ పిల్ల చెప్పుల దగ్గర ఉంది. ఆ అగరొత్తుల వాసనకో, కుంకుమ వాసనకో, నేను అక్కడే మెట్టు మీద శ్రావ్య పక్కన కూలబడి, మనసులో కోరుట్ల ఇంటికి వెళ్లిపోయాను.

కోరుట్లకు నన్ను పంపింది మా అమ్మ. మాది సిరిసిల్లలో సాంచాల ఇల్లు. మావైపు మరమగ్గాలను సాంచాలంటారు. ముందు గదిలో సాంచాలు ఆడుతుంటే వెనక గదిలో పడుకున్నవాళ్ల పళ్లు అదిరేవి. గాలి నిండా పత్తి నూగు. అన్నం గిన్నె మూత తీస్తే మూత మీద తెల్లగా నూగు, దీపం గాజు మీద నూగు, నా రెండు జడల మీద నూగు. అది నా ఛాతీలోకి దిగి దగ్గు పట్టుకుంది. పిల్లను కొన్నాళ్లు ఈ గాలికి దూరంగా ఉంచండని డాక్టరు అంటే, అమ్మ తన తమ్ముడి ఇంటికి పంపింది. పదో తరగతి అక్కడే చదవాలని ఏర్పాటు. వెళ్లేముందు నాయన తన పాత ధోవతి ఒకటి నిలువునా చింపి, అంచులు కుట్టించి, నా పెట్టెలో పెట్టాడు. మామ దగ్గర కెమెరా అద్దాలుంటాయి, తుడవడానికి పనికొస్తుంది అన్నాడు. అది ఉతికి ఉతికి పాలమీగడ అంత మెత్తగా అయిపోయిన గుడ్డ.

మామ ఇల్లు వీధిలోంచి పెరట్లోకి ఒకే వరుసలో ఉండేది. ముందు గది స్టూడియో, దాని వెనక మేముండే గది, ఆ పక్కన కిటికీలు మూసేసి ఫోటోలు కడిగే చీకటి గది, చివర వసారా. తలుపులన్నీ తెరిస్తే వసారాలో కూర్చున్నవాళ్లకు స్టూడియోలో ఫోటోకు ముందు తల దువ్వుకునే నిలువుటద్దం సూటిగా కనిపించేది. వసారాలో అత్తమ్మ రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించిన పచ్చి వాసన, తంబాకు ఘాటు, వాటి మీదుగా చీకటి గదిలోంచి వచ్చే మందుల పులుపు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బీడీలు చుట్టే వాకిట్లోంచి నడిస్తే నా ముక్కు ఆ పులుపు కోసం వెతుకుతుంది. అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. ముద్ద నాకే ముందు పెట్టేది. అయితే ఆమెకు ఇల్లంటే గీతలు గీసిన స్థలం. ఇది మడి, ఇది మైల, ఈ చెంబు ఇక్కడిది, ఆ చెంబు అక్కడిది. నెలలో ఆ రోజులు వస్తే నాకు వసారా, విడి పళ్లెం, గోడ వారగా చాప. నా బట్టల మూట కూడా నాతోపాటే వసారాకు వచ్చేసేది. మా సిరిసిల్ల ఇంట్లో అలాంటిదేమీ నేను చూడలేదు. మా అమ్మ ఏ రోజైనా సాంచకు నూలు కండెలు చుట్టాల్సిందే. కండె చేతికి అందకపోతే సాంచ ఆగిపోతుంది, సాంచ ఆగితే పొయ్యి ఆగిపోతుంది.

మామ మాత్రం స్టూడియోలో వేరే మడి పెట్టుకున్నాడు, దాన్ని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. తంబాకు చేతులతో ఎవరూ గడప దాటకూడదు. తలకు నూనె పెట్టుకున్న చేత్తో కెమెరా తాకకూడదు. పొద్దున స్నానం చేసి, చాయ్ కూడా తాగకముందే, ముక్కాలిపీట మీద కూర్చుని కెమెరా ఒళ్లో పెట్టుకుని "సుగుణా, గుడ్డ తే" అని పిలిచేవాడు. నేను పెట్టెలోంచి నాయన ధోవతి ముక్క తీసుకెళ్లేదాన్ని. ఫ్యాను ఆపించేవాడు. కిటికీ వెలుగు అద్దం మీద ఏటవాలుగా పడేలా కెమెరాను తిప్పి, ఊరికే చూసేవాడు. ఎంతసేపు చూసేవాడంటే నాకు ఆవలింతలొచ్చేవి. తరవాత కెమెరాను కిందికి వంచి, పాత రిక్షా హారన్ నుంచి పీకిన రబ్బరు బుడ్డితో గాలి కొట్టేవాడు. నోటితో ఊదితే ఉమ్మి తుంపర్లు పడతాయని నోరు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. దుమ్ము పోకపోతే మెత్తటి కుంచెతో అలా తగిలించీ తగిలించకుండా తోలేవాడు. ఇంకా వేలిముద్రో మరకో మిగిలితేనే గుడ్డ. ఆ గుడ్డ కూడా దులిపి, మడిచి, లోపలి మడత బయటికి తీసి, అద్దం మీద తేమ పట్టేలా హా అని ఆవిరి వదిలి, నడుమ నుంచి చుట్టూ తిప్పుకుంటూ అంచుదాకా. వేలి బరువు గుడ్డ మీద పడకూడదు.

కొన్నాళ్లకు ఆ పని నాకే వదిలేశాడు. పక్కన నిలబడి ఒకటే మాట అనేవాడు. "ముందుగాల చూసుడు, తర్వాత గాలి కొట్టుడు, ఆఖర్న తుడుసుడు. తుడువకుంట పనైతే ఇంకా మంచిది బిడ్డా." ఇంత చిన్న అద్దానికి ఇంత భక్తి ఎందుకని ఒకసారి అడిగాను. అద్దం మీద పూత ఉంటుందనీ, అది వేలి చర్మం కన్నా సున్నితమనీ, దాని మీద కనబడని ఇసుక రేణువుండగా గుడ్డ వేసి రుద్దితే ఆ రేణువే కత్తి అవుతుందనీ చెప్పాడు. నాయన గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, మీ నాయనకు గుడ్డ సంగతి తెలుసు అన్నాడు. కొత్త బట్ట ఎంత తెల్లగా మెరిసినా దానిలో గంజి ఉంటుంది, పోగు బిరుసుగా ఉంటుంది. అది ఒంటి మీదికి బాగుంటుంది, అద్దం మీదికి పనికిరాదు. నేత ఇంటి పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ స్టూడియోలో నేను సుఖంగా ఉన్నాను. ఈ మాట సిగ్గు లేకుండా రాస్తున్నాను. బడిలో లెక్కల కన్నా, తోటి పిల్లల కన్నా, ఆ కెమెరా నా ఒళ్లో ఉన్నప్పుడు నాకు నేను నచ్చేదాన్ని.

ఆ యేడు గిరాకీ తగ్గింది. బస్టాండు దగ్గర ఇంకో స్టూడియో వచ్చింది. దసరా పొద్దున నాకు ఆ రోజులు మొదలయ్యాయి. అత్తమ్మకు చెప్పాను, వసారాలో కూర్చున్నాను. నా మూట నా పక్కకు వచ్చింది, అందులో నాయన గుడ్డ ఉంది. ప్రతి యేడూ మామ కెమెరా తోలు పెట్టె మీద బొట్టు పెట్టి ఊరుకునేవాడు. ఆ రోజు అత్తమ్మ పట్టుబట్టింది. గిరాకీ రాకపోవడానికి దిష్టి తగలడమే కారణమనీ, సాంచకు నుదుటి మీద పెట్టినట్టు కెమెరాకు కంటి మీదే పెట్టాలనీ అంది. మామ కాసేపు నసిగాడు. ఊరందరికీ అద్దం గురించి పాఠాలు చెప్పే మనిషి, పండుగ పూట పెళ్లానికి ఎదురు చెప్పలేక, రెండు కళ్లకూ పసుపు రాసి కుంకుమ పెట్టాడు. అది నేను నిలువుటద్దంలో చూశాను.

సాయంత్రం జనం ఊరి బయట జమ్మి దగ్గరికి పోయి, బంగారమని జమ్మి ఆకు పంచుకుని, ఆలింగనాలు అయ్యాక, కొత్త బట్టల్లో ఫోటో దిగుదామని స్టూడియోకు వచ్చారు. పిల్లలు, ముసలివాళ్లు, గది కిక్కిరిసింది. అప్పుడు మామకు గుర్తొచ్చింది అద్దం మీద కుంకుమ ఉందని. అలవాటు కొద్దీ "సుగుణా, గుడ్డ తే" అని కేకేశాడు. నేను మూట విప్పి గుడ్డ పట్టుకుని లేచాను. అత్తమ్మ గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది. "అంటు గుడ్డ దేవునికి పెట్టిన కెమెరాకు తగిలిస్తవా, కూసో" అంది. నేను గుడ్డ చాచి అక్కడే నిలబడ్డాను. నిలువుటద్దంలో మామ కళ్లు నా కళ్లలోకి చూశాయి. తరవాత ఆయన తల తిప్పుకుని, తను కట్టుకున్న కొత్త ధోవతి కొస పైకి లాగి, గాలి కొట్టకుండా, కుంచె పెట్టకుండా, కుంకుమ మీంచే రుద్దేశాడు.

ఆ ధోవతి ఎక్కడిదో చెప్పాలి. ప్రతి దసరాకూ నాయన తన సాంచ మీద నేసిన ధోవతి బావమరిదికి పంపేవాడు. దాని నూలు కండెలు చుట్టింది మా అమ్మ. ఏయే రోజుల్లో చుట్టిందో ఎవరూ అడగలేదు. పూజలో కూర్చోవడానికి ఆ ధోవతి మడి బట్ట అయింది. అదే ఇంట్లో అదే చేతులు ఉతికిన పాత ముక్క మైల అయింది. నాకు అప్పటికి ఇన్ని మాటలు రాలేదు గానీ, ఈ లెక్క తప్పని మాత్రం అప్పుడే తెలిసింది.

ఫోటోలు తీయడం అయ్యాక మామ కింది అద్దం మీద వెంట్రుక పడిందనుకున్నాడు. బుడ్డితో గాలి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కుంచెతో తోలాడు. వెంట్రుక కదల్లేదు. పీట మీద కూర్చుండిపోయాడు. అత్తమ్మ వచ్చి చూసి, వసారా వైపు తిరిగి, నిన్న సాయంత్రం కెమెరా తుడిచింది ఈ పిల్లే కదా, అప్పటికే మొదలై ఉంటుంది, దాచిపెట్టి ముట్టుకుంది, అందుకే అద్దం పగిలింది అంది. అద్దం పగల్లేదు, గీత పడింది, అది మామ ధోవతి కొసతో పడింది, నేను చూశానని చెప్పాను. వసారాలోంచే, అందరూ వినేలా చెప్పాను. నోరు పెరిగిందని అత్తమ్మ అంది. పక్కింటి ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నేను మామ వైపు చూశాను. ఆయన లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు. కుండ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

పండుగ మర్నాడు నన్ను సిరిసిల్ల బస్సెక్కించారు. బడి మధ్యలో ఆగింది, పదో తరగతి పరీక్ష ఇక రాయలేదు. బస్సులో నా ఒళ్లో మూట, మూటలో ఆ గుడ్డ. ఇంటికి వచ్చాక జరిగింది మొత్తం చెప్తే అమ్మ ఏడ్చింది, తమ్ముణ్ణి తిట్టింది, మళ్లీ ఏడ్చింది. నాయన సాంచ ఆపి వచ్చి, నా కుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని అరచెయ్యి, వేళ్లు తిప్పి తిప్పి చూశాడు. "గీ చేతిల పోగు గూడ తెగది. అద్దానికి గీత ఎట్ల పడ్తది" అన్నాడు. మళ్లీ వెళ్లి సాంచ నడిపాడు. ఆ మాట లేకపోతే నేను ఏమైపోయేదాన్నో తెలియదు. ఆ తరవాత కండెలు చుట్టాను, దగ్గాను, చుడుతూనే ముస్తాబాద్ వైపు పెళ్లి ఫోటోలకు పోయే ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాను. ఆడపిల్లకు కెమెరా ఏంటని అన్నవాళ్లందరి ఇళ్లల్లో ఇప్పుడు నేను తీసిన ఫోటోలు గోడలకు ఉన్నాయి. నెలలో ఏ రోజైనా నా లెన్సు నేనే తుడుచుకున్నాను. పత్తి నూగు ఎగిరే ఊళ్లో, సాంచాల వీధిలో, ఇన్నేళ్లలో నా అద్దాల మీద ఒక్క గీత లేదు. ఎవరికైనా అనుమానముంటే వచ్చి వెలుగులో ఏటవాలుగా పట్టి చూసుకోవచ్చు.

మామతో మాటలు మానేయలేదు. పెళ్లిళ్లకు, చావులకు కలుసుకున్నాం. అత్తమ్మ పోయినప్పుడు నేను వెళ్లి ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. గీత సంగతి నేను ఎత్తితే మాత్రం మామకు దాహమయ్యేది. ఇప్పటి పిల్లల్ని చూస్తే ఇంకో రకం కోపం వస్తుంది. పెళ్లి మండపాల్లో గుట్కా నోటితో లెన్సు మీద ఊదుతారు. చొక్కా అంచుతో, పట్టు ఉత్తరీయంతో, చేతులు తుడుచుకునే తడి కాగితంతో రుద్దుతారు. ఫోను కెమెరా మీద బిర్యానీ వేలు పెట్టి, ఫోటో మసకగా వచ్చిందని కొత్త ఫోను కొంటారు. షాపుల్లో గుడ్డ, కుంచె, సీసా కలిపి డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. అయినా సీసాలోని మందు నేరుగా అద్దం మీద కొట్టి, అది అంచుల్లోంచి లోపలికి దిగాక లబలబలాడతారు. శ్రావ్య ఒక్కతే నా దగ్గర సెలవుల్లో ఉండి ఓపికగా నేర్చుకుంది. వెళ్లేటప్పుడు నాయన గుడ్డలో సగం చింపి ఆమెకిచ్చాను. ఇంత మారిందనుకున్న లోకంలో ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని ఉంది, అదే నాకు మింగుడు పడలేదు.

లోపల రాజేందర్ పూజ పళ్లెం చేతబట్టుకుని, వచ్చినవాళ్లకు కెమెరాలు చూపిస్తున్నాడు. పాత కెమెరా దగ్గరికి వచ్చి, ఇది మా బాపుది, ఇగో ఈ గీత మా వదిన చిన్నప్పుడు పెట్టింది అని నవ్వాడు. వాళ్లూ నవ్వారు. వాడికి కుళ్లు లేదు, పుట్టినప్పటి నుంచి విన్న మాట చెప్పాడంతే. నేను మెట్టు మీంచి లేచి లోపలికి వెళ్లాను. ఆ మాట వెనక్కి తీసుకోమన్నాను. శ్రావ్య బయట ఎందుకుందని అడిగాను. వాడు కంగారుపడి, "వదినా, పండుగ పూట లొల్లి వద్దు. అమ్మ ఉన్నప్పటి సంది ఉన్న పద్ధతేనాయె" అన్నాడు. అందుకే ఈ లొల్లి అన్నాను. ఆ పద్ధతికి నేను కట్టిన ఖరీదు నా చదువనీ, దాని ముద్ర ఈ అద్దం మీదే ఉందనీ, అది నాది కాదనీ చెప్పాను. తరవాత మామ కుర్చీ ముందుకు వెళ్లి నిలబడ్డాను. పక్కన నీళ్ల సీసా ఉంది. దాన్ని తీసి దూరంగా పెట్టాను.

"మామా, గీత ఎవరు పెట్టిన్రో నువ్వే చెప్పు. చెప్పకుంటే నేను పోయి శ్రావ్య పక్కన చెప్పుల కాడ కూసుంట. పూజ మీరే చేస్కోండ్రి."

మామ నల్లద్దాలు తీశాడు. కళ్లు ఎర్రగా, తడిగా ఉన్నాయి, ఆపరేషన్ వల్లో ఇంకెందువల్లో తెలియదు.

"నేనే పెట్టిన" అన్నాడు. "బావ పంపిన కొత్త దోతి కొసతోని కుంకుమ మీదకెళ్లే రుద్దిన. పిల్ల గుడ్డ పట్టుకొని గడప కాడ నిలవడ్డది. తీస్కుంటె అయిపోవు. తీస్కోలే."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఊరందరికి తుడుసుడు నేర్పినోన్ని. నా చేతుల గీత పడ్డదంటె సిగ్గయింది. నీ మీద పడ్డది గద, పడనీ అనుకున్న బిడ్డా. తర్వాత తర్వాత చెప్పుడు ఇంకా కష్టమైంది."

ఇన్నేళ్లు ఈ మాట వింటే మనసు చల్లబడుతుందని అనుకున్నాను. చల్లబడలేదు. పడనీ అనుకున్నాడట. నేను దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మామను ప్రేమిస్తూనే రాస్తున్నాను, క్షమించినట్టు ఎవరూ చదువుకోవద్దు. ఆయన దగ్గర నాకు కావాల్సింది ఆ ఒక్క మాటే, అది కూడా అందరి ముందు. అది వచ్చింది. నేను గుమ్మం వైపు తిరిగి, "శ్రావ్యా, సంచి పట్టుకొని లోపలికి రా. తాత కెమెరా తుడువు. బొట్టు గూడ నువ్వే పెడుదువు" అన్నాను.

శ్రావ్య వాళ్లమ్మ నోరు తెరిచింది. రాజేందర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. పిల్ల ఒక్క క్షణం నా ముఖంలోకి, తండ్రి ముఖంలోకి చూసి, గడప దాటి వచ్చింది. ఏసీ ఆపమంది. ఎర్రగుడ్డ ముందు కూర్చుని కెమెరా ఒళ్లోకి తీసుకుని, కిటికీ వైపు ఏటవాలుగా తిప్పి, చూసింది. అచ్చం మామ చూసినంతసేపు చూసింది. కెమెరాను వంచి బుడ్డితో గాలి కొట్టింది. అలమరలో పేరుకున్న దుమ్మంతా వెలుగులోకి లేచింది. కుంచె తిప్పింది. ఇంకా మరక ఉందని గొణుక్కుంటూ ఆగింది. గుడ్డ కోసం ఆగిందనుకున్నాడేమో, మామ తన ధోవతి కొస పైకి లాగి ముందుకు చాచాడు.

"వద్దు తాతా" అంది శ్రావ్య, తలెత్తకుండానే. "అది కొత్తది. గంజి ఉంటది."

మెట్టు మీంచి తెచ్చిన సంచి విప్పి నాయన గుడ్డ తీసింది, దులిపింది, లోపలి మడత బయటికి తిప్పింది. మామ కాసేపు ఆ కొసను చేతిలోనే పట్టుకుని, తరవాత మోకాలి కిందికి మడిచి పెట్టుకున్నాడు.